వాలి అడిగిన ప్రశ్న



ఒక దేశములో కలహము చెలరేగినప్పుడు ఇంకొక దేశము తన సైన్యముతో అందులో ప్రవేశించుట ధర్మమా, అధర్మమా? పురాణ కాలక్షేపము ముగిసి తీర్థప్రసాదములు పుచ్చుకొను వేళ ఈ ప్రశ్నను అడుగువారు ఈమధ్య పెరిగినారు. ఇందులో ఆశ్చర్యము లేదు. 2022 ఫిబ్రవరిలో రష్యా ఉక్రెయిన్‌పై దండెత్తినప్పుడు అక్కడ వైద్యవిద్య చదువుచున్న మన తెలుగు బిడ్డలు నేలమాళిగలలో తలదాచుకొనిరి. 1990లో ఇరాక్ కువైట్‌ను ఆక్రమించినప్పుడు పొట్టకూటికై అక్కడికి వెళ్ళిన తెలుగువారు కట్టుబట్టలతో తిరిగి వచ్చిరి. బాపట్లవారికి సూర్యలంక అనగా సముద్రస్నానమే గాదు, వాయుసేన స్థావరము కూడ. తెనాలి, రేపల్లె ప్రాంతములనుండి సైన్యమునకు పోయిన పిల్లల పేర అర్చన చేయించు తల్లులు మన ఆలయములకు వచ్చుచునే యున్నారు. కనుక ఇది ఢిల్లీలో పెద్దలు చూచుకొను విషయము, గుడిలో దీనితో పని యేమి యనుటకు వీలులేదు.

పైగా ఈ ప్రశ్నను మనకంటె ఎంతో ముందే ఒకడు అడిగినాడు. అడిగినది సామాన్యుని కాదు, సాక్షాత్తు శ్రీరామచంద్రమూర్తిని. అడిగినవాడు వాలి.

కిష్కింధాకాండలో ఆ ఘట్టము మనందరకు తెలిసినదే. అన్నదమ్ములు ద్వంద్వయుద్ధము చేయుచుండగా చాటునుండి వచ్చిన బాణము వాలి రొమ్మున నాటుకొన్నది. నేలకొరగిన వాలి రాముని నిలదీసినాడు. నీ రాజ్యమునకు నేను చేసిన అపకారమేమి? నీ పట్టణముపైకి నేను వచ్చితినా? నిన్ను నేనెప్పుడైన అవమానించితినా? ఎక్కడి అయోధ్య, ఎక్కడి కిష్కింధ! మా ఇంటి తగవులో నీకేమి పని? వాలి మాటల సారమిది. మహర్షి ఈ ప్రశ్నను దాచలేదు, మెత్తబరచలేదు. చనిపోవుచున్నవాని నోట పూర్తిగా పలికించి, ఆ పిమ్మటనే రామునిచేత సమాధానము చెప్పించినాడు. మన ఇతిహాసముల గొప్పతనము ఇచ్చటనే యున్నది.

శ్రీరాముడు చెప్పిన సమాధానములో ముఖ్యముగా మూడు మాటలు కలవు. ఈ భూమియంతయు ఇక్ష్వాకువంశపు ఏలుబడిలోనిది, భరతుని ఆజ్ఞచేత ధర్మరక్షణకు మేము తిరుగుచున్నాము అనునది మొదటిది. తమ్ముడు జీవించియుండగా అతని భార్యయైన రుమను నీవు చేపట్టితివి, అది దండింపదగిన పాపము అనునది రెండవది. సుగ్రీవునకు అగ్నిసాక్షిగా మాట యిచ్చితిని అనునది మూడవది.

ఇందులో మొదటి మాటను గూర్చి కొంచెము నిలిచి ఆలోచింపవలెను. ధర్మరక్షణ భారము మాది, లోకమంతయు మా పరిధిలోనిదే అని చెప్పి ఇతర దేశములలో అడుగుపెట్టిన రాజులకు చరిత్రలో లెక్కలేదు. ఆ మాట రామునికి చెల్లినది, ఏలయనగా ఆయన ఆ నేలలో ఒక గజమైనను తనకొరకు ఉంచుకొనలేదు. ఆ సంగతికి చివర వత్తుము. ఇతరుల నోట అదే మాట వినబడినప్పుడు మాత్రము మనము వాలివలె ప్రశ్నింపవలసినదే. రెండవ మాటలో బలమున్నది. పరాయి యింటి తగవులో తలదూర్చుటకు కారణము ఆ యింటిలో జరుగుచున్న ఘోరము కావలెను గాని, ఆ యింటి సంపద కారాదు. రామునకును సీతాన్వేషణమునకై సుగ్రీవుని సాయము కావలసియుండెను గదా యని కొందరు అడుగుదురు. నిజమే. వాల్మీకి దానిని దాచలేదు, మనమును దాచనక్కరలేదు. స్వప్రయోజనము లేశమైనను లేని రాజకార్యము లోకములో అరుదు. స్వప్రయోజనము ఉన్నంతమాత్రమున ధర్మము చెడదు. అది తప్ప మరియేమియు లేనప్పుడు చెడును.

ఈ కథలోనే మరియొక సన్నివేశమున్నది. దానిని మనము పిల్లలకు చెప్పి నవ్వించి విడిచివేయుచున్నాము. మొదటి పర్యాయము సుగ్రీవుడు వాలిని పిలిచి పోరాడినప్పుడు రాముడు బాణము వేయలేదు. ఏల? అన్నదమ్ములిద్దరును ఒకే పోలికలో నుండిరి. ఎవరు వాలి, ఎవరు సుగ్రీవుడు అని తెలియలేదు. సుగ్రీవుడు దెబ్బలు తిని పరుగెత్తుకొని వచ్చి, చంపు ఉద్దేశము లేనిచో ముందే చెప్పరాదాయని కంటతడి పెట్టినాడు. అప్పుడు లక్ష్మణునిచేత గజపుష్పి తీగను అతని మెడలో మాలగా వేయించి రెండవసారి పంపినారు. పరాయివానికి కలహములోని ఇరుపక్షములు ఒక్కటే పోలికగా కనబడును. ఎవరు పీడితుడో, ఎవరు పీడించువాడో దూరమునుండి చూచువానికి తెలియదు. అంతటి శ్రీరాముడే తెలియనప్పుడు బాణమును ఆపినాడు. నేటి బాణములు క్షిపణులై నూరుల క్రోసులు పోవుచున్నవి. వానికి గజపుష్పి మాల కనబడదు.

ఇక రామాయణమునుండి మన నేలకు వత్తము. బాపట్లకును రేపల్లెకును నడుమ చందవోలు గ్రామమున్నది. ఈ కాలపు భక్తులకు అది చందోలు శాస్త్రులవారిగా పేరొందిన తాడేపల్లి రాఘవనారాయణశాస్త్రిగారి ఊరు. లింగోద్భవస్వామి వెలసిన క్షేత్రము. అయితే ఎనిమిది వందల యేండ్లకు పూర్వము అది వెలనాటి చోడుల రాజధాని. 12వ శతాబ్దమున తీరాంధ్రములో వారి మాటకు ఎదురులేదు. అట్టి రాజ్యము ఏమైనది?

పల్నాటి వీరకథను వినని తెలుగువాడు లేడు. పల్నాటి ప్రభువైన అనుగురాజు వెలనాటి ఆడపడుచు మైలమదేవిని పెండ్లాడినాడని, పల్నాడు ఆమెకు అరణముగా వచ్చినదని కథ చెప్పుచున్నది. ఆమె కుమారుడు నలగామరాజు. సవతి తల్లి బిడ్డలు మలిదేవాదులు. ఒకవైపు నాగమ్మ, ఒకవైపు బ్రహ్మనాయుడు. కోడిపందెము, ఏడేండ్ల వనవాసము, రాయబారిగా వెళ్ళిన అలరాజు మరణము, చివరకు నాగులేటి ఒడ్డున కారెంపూడిలో మహాసంగ్రామము. అది అన్నదమ్ముల తగవు. కాని ఆ తగవులోనికి ఇరుగుపొరుగు రాజులు దిగిరి. నలగామునికి తోడుగా వచ్చినవారిలో వెలనాటివారును, కాకతీయుల సేనలును కలవని చరిత్రకారులు వ్రాసిరి. వెలనాటివారికి ఉన్న కారణము బంధుత్వము, మేనల్లుని పక్షము. ఆడపడుచు బిడ్డకు ఆపద వచ్చినచో మేనమామలు ఊరకుందురా? లోకరీతిగా చూచినచో తప్పుపట్టలేము. కాని ఆ బిడ్డ పక్షమున న్యాయమున్నదా, ఈ తగవును చల్లార్చుటకు పెద్దరికము వహింపవలెనా, కత్తి అందింపవలెనా అని ఆలోచించినట్లు కథలో కనబడదు. మేనమామ శకునివలె కాకపోయినను, కనీసము విదురునివలె ఒక మాట చెప్పవలసినది.

ఫలితమేమి? పల్నాటి హైహయుల వంశము చితికినది. వెలనాటి బలము సన్నగిల్లినది. కొలది కాలములోనే, 1201 ప్రాంతమున, కాకతి గణపతిదేవుడు తీరముపైకి సైన్యము నడపినప్పుడు వెలనాటి పృథ్వీశ్వరుడు నిలువలేకపోయినాడు. చందవోలు ప్రాభవము అంతటితో సరి. గణపతిదేవుడు దివిసీమ నాయకుల ఆడపడుచులను వివాహమాడి, వారి సోదరుడు జాయపను తన కొలువులో చేర్చుకొనెను. గుంటూరునుండి బాపట్ల పోవు దారిలో చేబ్రోలున ఆలయమును కట్టించినవాడు, నృత్తరత్నావళిని రచించినవాడు ఈ జాయపసేనానియే. ఒకే యుద్ధములో సాయము పేరుతో దిగిన ఇరువురిలో ఒకడు క్షీణించినాడు, మరియొకడు విస్తరించినాడు. ఇరువురిలో ఎవరికిని పల్నాటి ప్రజల క్షేమము ముఖ్యమైనట్లు తోచదు.

కారెంపూడిలో నేటికిని కార్తిక అమావాస్య మొదలు అయిదు దినములు వీరుల తిరునాళ్ళు జరుగుచున్నవి. రాచగావు, రాయబారము, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అని ఆ దినములకు పేర్లు. వీరుల ఆయుధములను పూజించు ఆ ఉత్సవములో ఒక దినమంతయు రాయబారమునకు కేటాయించిరి. ఇది చాల లోతైన విషయము. మన ప్రాంతపు పామరుడు సైతము తిరుపతి వేంకట కవుల నాటకములో కృష్ణ రాయబారము పద్యములను రాగయుక్తముగా చదువగలడు. తెనాలి నాటక రంగమునకు ఆ పద్యములే ప్రాణము. కురుక్షేత్ర యుద్ధముకంటె ఆ రాయబారమే మన జనుల మనసులకు హత్తుకొన్నది. అయిదూళ్ళిచ్చిన చాలునని అడిగి, అదియు దొరకని తరువాతనే పాండవులు యుద్ధమునకు దిగిరి. రావణునివంటి వాని వద్దకు సైతము రాముడు అంగదుని పంపినాడు. రాయబారము ఫలించునను ఆశ ఉన్నను లేకున్నను దానిని నడపవలసినదే. అది శత్రువు కొరకు మాత్రమే కాదు. రేపు మన బిడ్డ మరణించినప్పుడు ఆ తల్లికి సమాధానము చెప్పుకొనుట కొరకు కూడ.

మన దేశము 1971లో ఈ మార్గమును చాలవరకు అనుసరించినది. ఆ యేడు మార్చి 25 రాత్రి తూర్పు పాకిస్తానములో మారణకాండ మొదలైనది. సుమారు కోటిమంది సరిహద్దు దాటి మన దేశమునకు వచ్చిరి. పత్రికలు వారిని కాందిశీకులనెడివి. పొరుగింటి మంట మన చూరుకు అంటుకొన్నదనుటకు ఇంతకంటె నిదర్శనమేమి కావలెను? అయినను ఇందిరాగాంధీగారు వెంటనే సైన్యమును నడపలేదు. అక్టోబరు, నవంబరు మాసములలో ఐరోపా, అమెరికా రాజధానులకు స్వయముగా వెళ్ళి ఈ ఘోరమును ఆపించుడని కోరిరి. లోకము వినలేదు. డిసెంబరు 3న పాకిస్తాన్ మన విమాన స్థావరములపై దాడిచేయగా యుద్ధము మొదలైనది. 16న ఢాకాలో ముగిసినది. ఆ దినములలోనే విశాఖ తీరమున ఘాజీ జలాంతర్గామి మునిగినది. సుమారు 93,000 మంది బందీలైరి. 1972 మార్చి నాటికి మన సైన్యము బంగ్లాదేశ్ విడిచి వచ్చినది. ఒక గ్రామమును కూడ మనము ఉంచుకొనలేదు. పాకిస్తాన్ బలము తగ్గుట మన ఏలికలకు ఇష్టమే గదా యన్నచో, ఇష్టమే. సుగ్రీవుని స్నేహము రామునకు ఇష్టమైనట్లే.

సరిగా పదునారేండ్ల తరువాత ఇంకొక కథ జరిగినది. 1987 జులై 29న కొలంబోలో రాజీవ్ గాంధీ, జయవర్ధనే ఒప్పందముపై సంతకములు చేసిరి. శ్రీలంకలో సింహళ ప్రభుత్వమునకును తమిళ మిలిటెంట్లకును నడుమ సంధి నిలబెట్టుటకు భారత శాంతి పరిరక్షక దళము వెళ్ళినది. ఉద్దేశము మంచిది. మరునాడే గౌరవవందనము స్వీకరించుచున్న మన ప్రధానిని ఒక సింహళ నావికుడు తుపాకి మడమతో కొట్టబోయినాడు. అది దుశ్శకునమని అప్పుడు ఎవరును గ్రహింపలేదు. జాఫ్నా తమిళులు మొదట మన జవానులకు పూలమాలలు వేసిరి. అక్టోబరు నాటికి ఆ తమిళుల పక్షమున నిలిచిన పులులతోనే మన సైన్యము పోరాడవలసి వచ్చినది.

ఇచ్చటనే గజపుష్పి మాల గుర్తుకు రావలెను. పగలు సైకిలుపై పోవు కుర్రవాడే రాత్రి మందుపాతర పెట్టువాడు. యూనిఫారము లేదు, గుర్తు లేదు. ఎవరు శరణార్థి, ఎవరు శత్రువు అని జవానుకు తెలియు మార్గము లేదు. ఆ తెలియమిలో నిరపరాధులైన తమిళులు అనేకులు మరణించిరి. మన జవానులు సుమారు 1,200 మంది అసువులు బాసిరి. సింహళులు మనలను ఆక్రమణదారులనిరి, తమిళులు ద్రోహులనిరి. 1989లో అధ్యక్షుడైన ప్రేమదాస మీరు వెళ్ళిపొండనెను. 1990 మార్చిలో చివరి దళము తిరిగి వచ్చినది. మరుసటి యేడు మే 21న శ్రీపెరుంబుదూరులో రాజీవ్ గాంధీ హత్యకు గురియైరి.

ఆ జవానులను నిందించుట మహాపాపము. వారు ఆజ్ఞను శిరసావహించిరి. లోపము ఆజ్ఞలో ఉన్నది. రాయబారము జరిగినది గాని, పోరాడుచున్న ఇరుపక్షములు మనస్ఫూర్తిగా అంగీకరించిన సంధి కాదది. పులులు సంతకము చేసిన పక్షమే కారు. మధ్యవర్తిగా వెళ్ళినవాడు ఒక పక్షముతో పోరాడవలసి వచ్చినప్పుడు మధ్యవర్తిత్వము అంతటితో ముగిసినది. వెలనాటివారివలె బంధుత్వముతో వెళ్ళితిమో, రామునివలె మాట యిచ్చి వెళ్ళితిమో మనకే తేలలేదు. కొలంబో సమీపములో ఆ జవానుల స్మారకమున్నది. ఒకప్పుడు పొమ్మన్న దేశమే దానిని కట్టినది. 2015లో మన ప్రధాని నరేంద్ర మోదీ అక్కడ పుష్పాంజలి ఘటించిరి.

ఇంత విన్న తరువాత, ఎవరి గొడవ వారిది, మనము పోకుండుటయే మేలు అని కొందరు తీర్మానింతురు. అంత సులభము కాదు. మహాభారతములో బలరాముడు ఇరుపక్షములు తనవారేనని సరస్వతీ తీరమున తీర్థయాత్రకు వెళ్ళినాడు. ఆయన భావము ఉత్తమమే. కాని పదునెనిమిదవ దినమున తిరిగి వచ్చి, గదాయుద్ధములో భీముడు నియమము తప్పి తొడపై కొట్టినాడని నాగలి ఎత్తినాడు. పదునెనిమిది అక్షౌహిణులు నేలగూలిన తరువాత, చిన్న బాలుడైన అభిమన్యుని అందరు చుట్టుముట్టి చంపిన తరువాత, చివరి దెబ్బకు నియమము అడుగుట చూచినచో దూరముగా ఉండుటకు గూడ మూల్యమున్నదని తోచును. 1994లో ఆఫ్రికాలోని రువాండాలో నూరు దినములలో సుమారు ఎనిమిది లక్షలమందిని ఊచకోత కోసిరి. ఐక్యరాజ్యసమితి సైనికులు అక్కడనే యుండిరి. సమితి వారి సంఖ్యను పెంచుటకు బదులు తగ్గించినది. ఆపిమ్మట పెద్ద దేశముల నాయకులు ఒకరి వెంట ఒకరు విచారము వెలిబుచ్చిరి. విచారముతో పోయిన ప్రాణము రాదు.

కువైట్ విషయము ఇంకను స్పష్టము. పొరుగువాడు రాత్రికి రాత్రి ఇల్లు ఆక్రమించినాడు. ఇంటివాడు సాయము కోరినాడు. ఐక్యరాజ్యసమితి గడువు విధించి, ఆ తరువాత బలప్రయోగమునకు అనుమతించినది. 1945 నాటి సమితి శాసనము బలప్రయోగమును నిషేధించుచునే ఆత్మరక్షణకును, భద్రతామండలి అనుమతించిన చర్యకును త్రోవ విడిచినది. అయితే అయిదు పెద్ద దేశములలో ఏ యొక్కటి వలదన్నను ఆ త్రోవ మూతబడును. ఆ శాసనమునకు అది పెద్ద గండి.

సైన్యము పంపుట, ఊరకుండుట అను రెండే మార్గములున్నవనుకొనుట కూడ సరికాదు. 1950లో కొరియా యుద్ధమునకు సేనలు పంపుమని కోరగా మన దేశము పోరాడు సైన్యమును పంపలేదు. ఒక సైనిక వైద్యదళమును పంపినది. గాయపడినవానికి కట్టు కట్టునపుడు వాలి ఎవరు, సుగ్రీవుడెవరు అని అడుగవలసిన పని లేదు.

ఇక చివర వత్తునని చెప్పిన సంగతి. వాలి మరణించిన పిమ్మట హనుమంతుడు కిష్కింధలోనికి దయచేయుమని రాముని ప్రార్థించెను. తండ్రి ఆజ్ఞ ప్రకారము పదునాలుగేండ్లు ఊరిలో గాని పట్టణములో గాని అడుగుపెట్టనని రాముడు చెప్పెను. సుగ్రీవుని రాజుగా, వాలి కుమారుడగు అంగదుని యువరాజుగా అభిషేకింపుడని ఆదేశించెను. ఎవనిని తన బాణముతో కొట్టెనో వాని కుమారునకే యువరాజ్యము! లంకలోను అంతే, విభీషణునకు పట్టము కట్టించి పుష్పకమెక్కెను. 2003లో వినాశకర ఆయుధములున్నవని చెప్పి అమెరికా ఇరాక్‌లో ప్రవేశించినప్పుడు ఆ ఆయుధములు దొరకలేదు; పాత సైన్యమును, పాత ఉద్యోగులను తొలగించి రాజ్యమును తమ చేతులలోనికి తీసికొనిరి. తొలగింపబడినవారు ఆయుధములతోనే ఇండ్లకు పోయిరి. తరువాతి సంవత్సరముల రక్తపాతము అందరు చూచినదే. అక్కడ అంగదునకు పీట వేసినవారు లేరు.

కిష్కింధ వాకిలి తెరచియున్నది. లోపల అభిషేకపు వాద్యములు మ్రోగుచున్నవి. బయట వానలు మొదలైనవి. రాముడు తమ్ముని వెంటబెట్టుకొని ప్రస్రవణగిరిపై గుహకు నడిచెను. ఆ వర్షాకాలము నాలుగు మాసములు అక్కడనే గడపెను.